త్యాగం చెయ్యని కాంతమణి

కాంతమణికి మనుషులంటే చులకన. ఆ సంగతి ఆమె ఎప్పుడూ దాచుకోలేదు. ముప్పయ్యేడేళ్లు ట్రంకు ఆపరేటరుగా చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చున్న మనిషి ఇంకోలా తయారవడానికి వీల్లేదని ఆమె వాదన.

పాలకొల్లు నుంచి ఇరవై ఒకటో ఏట సికింద్రాబాదు వచ్చి టెలిఫోను ఎక్స్ఛేంజిలో చేరింది. రూలు ప్రకారం ఆపరేటరు లైను కలిపి, అటు మాట ఇటు వినబడుతోందని చూసుకుని వెంటనే తప్పుకోవాలి. కాంతమణి తప్పుకునేదే గాని కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యంలో ఆమెకు తెలిసిందేమిటంటే, బెజవాడ నుంచి బొంబాయి దాకా జనం మాట్లాడుకునేవి నాలుగే సంగతులు. ఎవరో పోయారు, ఎవరికో పిల్లాడు పుట్టాడు, సరుకు ఇంకా అందలేదు, ఇక్కడ వాన పడుతోంది మీ దగ్గర ఎలా ఉంది. "గంటల తరబడి లైనుకోసం కాచుకుని, తీరా దొరికాక 'హలో, వినబడుతోందా' అని అరుచుకోడంతోనే సరిపెట్టుకునే జాతి మనది" అనేది తోటి ఆపరేటర్లతో. వాళ్లు నవ్వేవారు. వాళ్లన్నా ఆమెకు చులకనే.

పెళ్లి చేసుకోలేదు. కార్ఖానా అనే పేటలో, బాలమ్మ అనే ఆవిడ ఇంట్లో మేడమీద రెండు గదుల వాటాలో ఇరవై ఏళ్లకు పైగా ఉంది. బాలమ్మ కుటుంబం తాతల కాలం నుంచీ అక్కడిదే. భర్త పోయాక ఇంటి పెత్తనమంతా ఆమెదే. కాంతమణిని 'ఫోనమ్మ' అని పిలిచేది. వాళ్లిద్దరి మధ్యా స్నేహం ఉందని ఎవరైనా అంటే ఇద్దరికీ కోపం వచ్చేది. మునిసిపాలిటీ నీళ్లు వచ్చిన రోజల్లా మోటారు దగ్గర యుద్ధం.

"ఏందీ ఫోనమ్మా, మోటార్ బంద్ చేసినవ్? నా సంపు సగం సుత నిండలే!"

"మీ సంపు సముద్రం. అది నిండేదాకా ఆగితే నేను మళ్లీ పుట్టాలి."

"కిరాయికున్నోళ్లు గిట్ల మాట్లాడుతరా?"

"ఖాళీ చెయ్యమనండి, చేస్తాను."

ఖాళీ చెయ్యమని బాలమ్మ ఎన్నడూ అనలేదు.

యాభై ఎనిమిదో ఏట కాంతమణికి పదవీ విరమణ అయింది. అప్పటికే సందుకో ఎస్టీడీ బూత్ వెలిసి ట్రంకు కాల్ అనేది చచ్చిపోయింది. దండ వేసి, వెండి గిన్నె ఇచ్చి పంపారు. రెండేళ్లు తిరక్కుండానే, పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో, సర్కారు వాళ్లు విరమణ వయసు అరవై చేశారు. పేపర్లో ఆ వార్త చదివి ఆమె పేపరు మడిచి కూరగాయల బుట్ట కింద వేసింది. తను పనికిరాదని పంపించిన వాళ్లే, తన ఈడు వాళ్లు భేషుగ్గా పనికొస్తారని ఇప్పుడు కనిపెట్టారన్నమాట.

అదే ఏడు ఆగస్టులో ఆమెకు అరవై నిండుతాయి.

అరవై అంటే ఆమెకు భయం కాదు, రోత. అరవై దాటిన వాళ్లను చర్చిలో వారం వారం చూస్తూనే ఉంది. ఆడవాళ్లయితే మోకాళ్లు, మగవాళ్లయితే షుగరు. ఇరవై ఏళ్ల కిందట పొరుగువాళ్ల చెట్టు మీద జామకాయలు దొంగతనంగా కోసిన మనిషి కూడా అరవై రాగానే తల ఒక పక్కకు వాల్చి, గొంతు మెత్తబరిచి, "అంతా ప్రభువు కృప" అనడం మొదలుపెడతాడు. ఆ గుంపులోకి తననూ తోస్తారని ఆమెకు అనుమానం. అది జూలైలోనే నిజమైంది. బస్సులో కాలేజీ కుర్రాడొకడు లేచి, "కూర్చోండి పెద్దమ్మా" అన్నాడు. కాంతమణి కూర్చోలేదు. ఆ కుర్రాడు పరువుకు పోయి మళ్లీ కూర్చోలేకపోయాడు. ప్యాట్నీ సెంటరు దాకా ఖాళీ సీటుకు చెరో పక్కా ఇద్దరూ నిలబడే వెళ్లారు.

ఆ ఆదివారమే తమ్ముడు యెషయా, అతని భార్య డోరా వచ్చారు. యెషయా ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు, యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడ కొత్తగా వెలిసిన మందిరంలో సంఘ కమిటీకి సెప్టెంబరులో ఎన్నికలు. కార్యదర్శి పదవికి నిలబడుతున్నాడు. మనిషి మంచివాడే కాని కన్నీళ్లు చాలా దగ్గర. వేడి వేడి ఇడ్లీ తిన్నా కళ్లు చెమర్చగలడు.

"అక్కా, ఆగస్టు ఇరవై రెండుకి నీకు అరవై" అన్నాడు.

"తెలుసు. పుట్టింది నేనే కదా."

"ఊరుకుంటామా మరి? కృతజ్ఞతా కూటం పెడదాం. మా మందిరంలోనే. నాలుగొందల మందిని పిలుద్దాం."

"నాకు తెలిసింది నలుగురు. మిగతా వాళ్లెవరు?"

"సంఘస్తులు."

"సంఘస్తులా, ఓటర్లా?"

యెషయా కళ్లు చెమర్చాయి. డోరా అందుకుంది. "అలా అంటారేంటి వదినా! ఆయన మీకోసం ఎంత ఫీలవుతున్నారో మీకు తెలీదు. శారీ కూడా సెలెక్ట్ చేసేశాను. మెరూన్. ఫోటోల్లో బాగా పడుతుంది."

కాంతమణి వద్దనే అనబోయింది. అప్పుడు యెషయా నోరు జారాడు. "పేతురు మాస్టారు నీ గురించి మాట్లాడతానన్నారక్కా. ఇంకా ముగ్గురు నలుగురు మాట్లాడతారు."

ఆ ఒక్క మాటకు ఆమె పడిపోయింది. పాత రోగం. ఇతరుల మాటలు ఆమె ముప్పయ్యేడేళ్లు విన్నది, కాని ఆ మాటల్లో తన పేరు ఏనాడూ వినలేదు. తను లేని చోట తన గురించి ఏమనుకుంటారో వినాలనిపించింది. తను ఉండగానే అంటారు గనక నిజం చెప్పరని తెలుసు. అయినా వినాలనిపించింది.

"సరే. కాని మెరూన్ కట్టను" అంది.

ఆగస్టు ఇరవై రెండు సాయంత్రం మెరూన్ చీరలోనే ఆమె యాప్రాల్ మందిరం వేదిక మీద కూర్చుంది. కూర్చోబెట్టింది మామూలు కుర్చీలో కాదు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఎర్ర మఖ్మలు కుర్చీ, రెండు వైపులా బంగారు రంగు సింహాలు. వెనక గుడ్డ మీద థర్మకోలు అక్షరాలు: 'వజ్రోత్సవ కృతజ్ఞతా కూటం'. షష్టిపూర్తి అంటే అన్యుల ఆచారమని పెద్దలు అభ్యంతరం చెబితే యెషయా వెతికి పట్టుకున్న పేరు అది. పేరు మారింది గాని దండలు, శాలువా, బిరియానీ మారలేదు. ఆగస్టు ఉక్కలో ఉన్ని శాలువా కప్పారు. కింద ముందు వరసలో ఓటర్లు. నాలుగో వరసలో, ఆకుపచ్చ పట్టుచీరలో బాలమ్మ. కిరాయిదారు ఫంక్షన్ కదా, రాకపోతే బాగుండదని వచ్చింది.

మొదట మాట్లాడినాయన కాంతమణిని దీపంతో పోల్చాడు. రెండో ఆయన కొవ్వొత్తితో. మూడో ఆవిడ అగరువత్తి అనబోయి, అది ఎవరి ఆచారమో గుర్తొచ్చి కాబోలు, మధ్యలో దగ్గి "సుగంధ ద్రవ్యం" అని ముగించింది. ముగ్గురూ ఆమెను తగలబెట్టడంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నారు. కాంతమణి వింటోంది. పోయినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు లైనులో గొంతులు ఎలా ఉండేవో ఇక్కడా అలాగే ఉన్నాయి. 'ఎంతో ఓర్పు', 'ఎవర్నీ నొప్పించలేదు'. ఎవర్నీ నొప్పించలేదన్న మాటకు నాలుగో వరసలో బాలమ్మ గట్టిగా తుమ్మినట్టు చేసింది.

చివరికి పేతురు మాస్టారు లేచారు. రిటైరైన హెడ్మాస్టరు. మైకు అక్కర్లేని గొంతు, అయినా మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఈ తల్లి తన యవ్వనాన్ని బలిపీఠం మీద పెట్టింది! తమ్ముడి చదువు కోసం, కుటుంబం కోసం, పెళ్లి సైతం మానుకున్న త్యాగమూర్తి! ఒక్క సుఖమూ ఎరుగదు. ఏనాడూ ఏదీ కోరలేదు. అరవై ఏళ్ల ఆ మౌన రోదన ప్రభువొక్కడికే తెలుసు!"

యెషయా ఏడుస్తున్నాడు. ముందు వరసలో సగంమంది ఏడుస్తున్నారు. అక్క త్యాగంతో చదువుకున్నవాడికి ఓటు వెయ్యకుండా ఎవరుంటారు!

కాంతమణికి చెవులు వేడెక్కాయి. దేవుడి దయకు సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చారు. ఆమె శాలువా తీసి సింహం తల మీద పెట్టింది.

"మాస్టారు చెప్పినవాటిలో ఒక్కటీ నిజం కాదు" అంది. ట్రంకు ఆపరేటరు గొంతు. హాలు చివర వడ్డన గిన్నెల దగ్గరున్న వాళ్లకు కూడా స్పష్టంగా వినబడింది. "యెషయాని చదివించింది మా నాన్న. నేను వాడికి కొనిచ్చింది సైకిలు బెల్లు, అదీ వాడు పోగొట్టాడు. పెళ్లి సంబంధాలు రెండొచ్చాయి. ఒకాయన టీ తాగినంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. రెండో ఆయన అసలు మాట్లాడలేదు, వాళ్లమ్మే మాట్లాడింది. పగలంతా జనం మాటలు వినేదాన్ని. ఇంటికొచ్చి కూడా వినడం నా వల్ల కాదనుకున్నాను. అది త్యాగమైతే మీ ఇష్టం."

పేతురు మాస్టారు వంగి, మెల్లగా, "అమ్మా, అదలా ఉంచండి. దేవుడు మీకు చేసిన మేలులు చెప్పండి" అన్నారు. మాట మళ్లించడానికి ఆయనకు తెలిసిన ఒకే దారి అది.

కాంతమణి ఆలోచించింది. మేలులంటే చెప్పాల్సినవి ఆమెకూ తెలుసు: ఆరోగ్యం, ఉద్యోగం, సంఘ సహవాసం. నోటిదాకా వచ్చాయి కాని, అవి ఎవరో లైనులో చెబుతుంటే విన్నవాటిలా అనిపించి మింగేసింది. బదులుగా ఇంకేవో వచ్చాయి. అవి వస్తాయని ఆమె అనుకోలేదు.

"తెల్లారగట్ల మా కార్ఖానాలో మిలిటరీ వాళ్ల బ్యూగిలు ఊదుతారు" అంది. "అంతమంది మగాళ్లు అది వినగానే లేచి బూట్లు తొడుక్కోవాలి. నేను లేవక్కర్లేదు. దుప్పటి మీదికి లాక్కుని మళ్లీ పడుకుంటాను. అది బావుంటుంది."

ఎవరో కుర్చీ జరుపుకున్నారు.

"మధ్యాహ్నం భోంచేశాక మాగాయ టెంక పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటాను. ఒక్క టెంక గంటసేపు వస్తుంది. ఆ గంటలో ఎవరొచ్చినా తలుపు తియ్యను. యెషయా, నువ్వు రెండుసార్లు వచ్చి వెళ్లిపోయావు, నేను లోపలే ఉన్నాను."

యెషయా ఏడుపు ఆపి తలెత్తాడు.

"తలంటుకుని డాబా మీద జుట్టు ఆరబెట్టుకుంటుంటే, కింద స్కూలు బస్సు తప్పిపోయి పరిగెత్తే పిల్లల్ని, వాళ్ల వెనక పరిగెత్తే తల్లుల్ని చూడ్డం బావుంటుంది. మా బాలమ్మతో మోటారు దగ్గర దెబ్బలాట బావుంటుంది. నీళ్లు రాని రోజు ఆవిడ ఏమీ అనకపోతే నాకు తోచదు." అక్కడ ఆమె ఆగింది. మైకు రెండో చేతిలోకి మార్చుకుంది. "ఇంకా ఉన్నాయి. చెబితే బిరియానీ చల్లారిపోతుంది. నాకు అరవై ఏళ్లొచ్చాయి గాని, రోదన ఏమీ లేదు. అంతే."

మైకు కింద పెట్టింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో రెండో వరస చివర నుంచి ఒక ముసలి నవ్వు వినబడింది. పొట్ట పట్టుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది ఒకావిడ. పేరు రోసమ్మ, కాంతమణి వెళ్లే చర్చిలోనే, డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల గుంపులో ముఖ్యురాలు. కాంతమణి ఆవిడ వైపు చిరాగ్గా చూసింది. తను నవ్వడానికి చెప్పలేదు.

ఇంటికెళ్లేటప్పుడు బాలమ్మ, ఆమె ఒకే ఆటోలో కూర్చున్నారు. లోతుకుంట వచ్చాక బాలమ్మ ఆమె వైపు తిరిగింది.

"నా పేరెందుకు తీసినవ్ మైకుల?" అంది. "గంతమందిల ఇజ్జత్ తీసినవ్."

"మంచే చెప్పాను కదా."

"నాతోటి కొట్లాడుడు మంచిగుంటదని చెప్పినవ్. గట్లెవలన్న చెప్తరా?" బాలమ్మ పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఆటో మలుపు తిరిగింది. "మంచిగనే ఉంటది, కాదంటలేను. అయినా చెప్పుకుంటరా?"

మర్నాడు ఆదివారం కాంతమణి చర్చికి వెళ్లలేదు. బ్యూగిలు ఊదింది. దుప్పటి లాక్కుంది కాని నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా తను సుఖంగా ఉందని నిన్న సాయంత్రం నాలుగొందల మంది ముందు మొదటిసారి తెలియడం ఆమెకు అవమానంగా ఉంది. ఆ సంగతి ముందు తనకు తెలియాలి, తర్వాతే ఓటర్లకు. జనాన్ని తక్కువ చెయ్యడంలో పడి తన రోజుల్ని ఎన్నడూ పైకెత్తి చూసుకోలేదు. వాటిని కూడా మనుషుల్లాగే ఓ పక్కన పెట్టేసింది. లేచి అన్నం వండింది. గిన్నె అడుగున మాడు గోక్కుని, నెయ్యి వేసుకుని, నిలబడే తింది. బావుంది. బావుందని ఈసారి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ తెలియనందుకు ఒళ్లు మండింది కూడా.

యెషయా ఎన్నికల్లో గెలిచాడు, అదీ పెద్ద మెజారిటీతో. అలాంటి అక్కను ఇన్నేళ్లు భరించిన సహనశీలి అని సంఘమంతా జాలిపడింది. త్యాగమూర్తి తమ్ముడికి వచ్చే ఓట్ల కన్నా రాక్షసి తమ్ముడికి ఎక్కువే వచ్చాయి. ఆ వార్త విని కాంతమణి, "మనుషులు నన్ను ఏనాడూ నిరాశపరచలేదు" అంది. యెషయా రెండు నెలలు రాలేదు. మూడో నెల వచ్చినప్పుడు కింద నుంచే గట్టిగా అడిగాడు. "అక్కా, టెంక అయిందా, తర్వాత రమ్మంటావా?" అతను తనను వెటకారం చెయ్యగా ఆమె వినడం అదే మొదటిసారి. కొంచెం గౌరవం కలిగింది. తలుపు తీసింది.

అసలు ఊహించని మనిషి రోసమ్మ. నవంబరులో ఓ సాయంత్రం, మెట్లెక్కి, ఆయాసపడుతూ, చేతిలో బేకరీ కేకు పొట్లంతో గుమ్మంలో నిలబడింది.

"మోకాళ్ల గురించయితే నేను వినను" అంది కాంతమణి, తలుపు సగమే తీసి.

"మోకాళ్లు కాదమ్మా. నీ దగ్గరొకటి చెప్పాలి. ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు."

"నేను నవ్వనని ఎవరన్నారు?"

"నవ్వు. కాని నీకే చెప్పాలని నాకు అనిపించింది." రోసమ్మ లోపలికొచ్చి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "నాకు ఈల వెయ్యడం వచ్చు."

కాంతమణి ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా నాన్న రైల్వే గార్డు. లాలాగూడ క్వార్టర్సులో పెరిగాం. ఆయనే నేర్పాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి వేస్తే మా ఆయన, 'ఆడది ఈల వేస్తే కొంప కూలుతుంది' అన్నారు. మానేశాను. ఆయన పోయి నాలుగేళ్లు. ఇప్పుడు కోడలు బజారుకు వెళ్లాక, బాత్రూములో గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి..."

"నీళ్లు దండగ" అంది కాంతమణి. "వెయ్యండి చూద్దాం."

"ఇక్కడా?"

"నాకు కోడలు లేదు."

రోసమ్మ పెదవులు తడుపుకుంది. ముందు గాలే వచ్చింది. తర్వాత సన్నగా మొదలై ఒక కీర్తన పల్లవి మొత్తం ఈలలో వచ్చింది, చివర్లో సాగదీసి, చిన్న మెలికతో. డెబ్బై రెండేళ్ల ముఖంలో బుగ్గలు రెండూ లోపలికి పోయి, కళ్లు మాత్రం పదేళ్ల పిల్లవి. కాంతమణి విమర్శించడానికి నోరు తెరిచింది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

"రెండో చరణం వచ్చా?" అని అడిగింది, విసుగ్గా.

రెండో చరణం సగంలో ఉండగా మెట్ల మీద దబదబా చప్పుడైంది. బాలమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఎవడే వాడు, ఆడోళ్లున్న ఇంట్ల సీటీ కొట్టేటోడు?" అని అరిచి, లోపల ఇద్దరు ముసలివాళ్లు తప్ప ఎవరూ లేకపోయేసరికి కుర్చీల వెనక్కి కూడా చూసింది.

"ఈవిడే" అంది కాంతమణి.

బాలమ్మ నమ్మలేదు. రోసమ్మ మళ్లీ వేసి చూపించింది. బాలమ్మ చీపురు గోడకు ఆనించి, కాసేపు అలాగే చూసి, "గదెట్ల కొడ్తవ్? నాలిక యాడ పెడ్తవ్?" అంటూ ఎదురుగా చతికిలబడింది. రోసమ్మ చూపించింది. బాలమ్మ పెదవులు సున్నా చుట్టి, బుగ్గలు పూరించి, ప్రాణమంతా పెట్టి ఊదింది. ఈల రాలేదు. ఎదురుగా ఉన్న కేకు మీది పొడి మాత్రం ఎగిరి రోసమ్మ కళ్లద్దాల మీద పడింది.

కాంతమణి నవ్వింది. పొట్ట నొప్పెట్టి, గోడ పట్టుకుని, కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది.

బాలమ్మ బుగ్గలు అలాగే ఉంచుకుని ఆమెను చూసింది. ఇరవై ఏళ్లుగా పై అంతస్తులో ఉన్న మనిషి.

"ఓయమ్మో, నువ్వు సుత నవ్వుతవా?" అంది.

"ఆ ఊదడం చూస్తే ఎవరైనా నవ్వుతారు" అంది కాంతమణి, టీకి నీళ్లు పెట్టడానికి లేస్తూ. "మళ్లీ ఊదండి. ఈసారి కేకు పక్కన పెట్టి."